కొత్తగా విల్లు పట్టినవాడికి ఏ బాణం, ఏ మొన?

రాజోలు దగ్గర నుంచి ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: "డాలస్‌లో ఉండే మా బావ సంక్రాంతికి వచ్చినప్పుడు తన పాత సామిక్ సేజ్ రికర్వ్ విల్లు (కొసలు ముందుకి వంగి ఉండే రకం) నాకు ఇచ్చి వెళ్లాడండి. లాగడానికి 45 పౌన్ల బలం కావాలట. వచ్చే చలికాలం నేను అక్కడికి వెళ్తున్నాను, పందుల వేటకి తీసుకెళ్తానన్నాడు. ఈలోపు ఇక్కడ ప్రాక్టీస్ చేద్దామని బాణాలు చూస్తే 400, 500, 600 అని నంబర్లు. బ్రాడ్‌హెడ్‌లు, అంటే వేటకి వాడే పదును రెక్కల మొనలు, చూస్తే రెండు రెక్కలవి, మూడు రెక్కలవి, మెకానికల్ అని బోలెడు రకాలు. ఏవి కొనాలో చెప్పండి అన్నగారూ. పనిలో పని, మా చేపల చెరువు మీద పడే నీటికాకుల మీద ప్రాక్టీస్ చేసుకోవచ్చా?"

చివర అడిగిందానికి ముందు చెప్తాను తమ్ముడూ, ఎందుకంటే అందులో జైలు ఉంది. నీటికాకి మీద బాణం వేయకూడదు. అది చేపపిల్లల్ని మింగేస్తున్నా, చెరువు నీ సొంతమైనా, నీ బాణం దానికి తగలకపోయినా సరే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో వేటంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తరవాత లక్ష రూపాయల దాకా జరిమానా. విల్లు కూడా పోతుంది. కోరింగ మడ అడవుల్లోనో కొల్లేరు అంచునో దొరికితే అభయారణ్యం కేసు, అది ఇంకా గట్టిది. చెరువుకి పైన వల కట్టించుకో, ఖర్చు తక్కువ.

అడవిపంది సంగతీ అంతే. టెక్సాస్‌లో నువ్వు వేటాడబోయేదీ, మన ఏజెన్సీ అంచు పొలాల మీద పడేదీ ఒకటే జాతి, సస్ స్క్రోఫా. అక్కడిది పూర్వం వలస వెళ్లినవాళ్లు వదిలేసిన పెంపుడు పందుల సంతతి, తరవాత వేట సరదా కోసం తెచ్చిన యూరప్ అడవిపంది అందులో కలిసింది. దాన్ని అక్కడి ప్రభుత్వం పీడగానే లెక్కేస్తుంది. ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, 2019 సెప్టెంబర్ నుంచి దాని వేటకి లైసెన్స్ కూడా అక్కర్లేదు. ఇక్కడ అదే జంతువు ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షణ ఉన్న జాబితాలో ఉంది. పంట తినేస్తున్నా సరే, అధికారం ఉన్న అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప ముట్టుకోకూడదు. కాబట్టి ఇక్కడ ఉన్నన్నాళ్లూ బ్రాడ్‌హెడ్ అన్న వస్తువు నీ ఇంట్లో ఉండాల్సిన అవసరమే లేదు. అది డాలస్‌లో దిగాక కొనుక్కునే సరుకు. ఇక్కడ నీకు కావలసింది ఫీల్డ్ పాయింట్, అంటే రెక్కల్లేని మామూలు గుండ్రటి ఉక్కు మొన.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లందరూ మొదట బ్రాడ్‌హెడ్ గురించే అడుగుతారు. ఫొటోల్లో మెరిసేది అదే కదా. నా లెక్కలో అది ఆఖరున తేల్చుకోవలసింది. ముందు నీ చేతుల కొలత, ఆ కొలత దాకా విల్లు లాగడానికి ఎన్ని పౌన్ల బలం పడుతుందో అది, దానికి సరిపోయే షాఫ్ట్ (బాణం కాడ), ఆ షాఫ్ట్ వంకర లేకుండా ఎగిరేలా సర్దుకోవడం. ఇవన్నీ కుదిరాక ఏ మంచి మొన పెట్టినా పనిచేస్తుంది. ఇవి కుదరకపోతే వంద డాలర్ల మొన పెట్టినా పక్కకే పోతుంది.

ఎందుకో చెప్తాను. బాణం వెనక ఈకలు ఉంటాయి, అవి దాన్ని దారిలో పెడతాయి. ఫీల్డ్ పాయింట్‌తో వేసినప్పుడు బాణం కాస్త వంకరగా బయల్దేరినా ఈకలు సర్దేస్తాయి, నీకు తేడా తెలియదు. బ్రాడ్‌హెడ్ పెట్టావనుకో, ముందు కూడా వెడల్పాటి రెక్కలు వచ్చాయి. పడవకి వెనకా ముందూ రెండు చుక్కానులు కట్టినట్టు అవుతుంది. బాణం తిన్నగా వెళ్తున్నంతసేపు ఏ గొడవా లేదు. ఏమాత్రం అడ్డంగా ఉన్నా ముందు రెక్కలు గాలి పట్టేసి వాటి దారిన అవి లాక్కుపోతాయి. పదిహేను గజాల్లో జానెడు పక్కకి పోవడం మామూలే. ఫీల్డ్ పాయింట్‌తో బాగానే తగిలింది, బ్రాడ్‌హెడ్ పాడుది అని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి తప్పు షాఫ్ట్‌లో ఉంటుంది.

ఆ 400, 500, 600 నంబర్లు చెప్పేది షాఫ్ట్ వంగే గుణాన్నే. దాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద షాఫ్ట్‌ని పెట్టి, నడుమ 1.94 పౌన్ల బరువు, అంటే 880 గ్రాములు, వేలాడదీస్తారు. అర అంగుళం, 0.500, వంగితే అది 500 స్పైన్. 0.400 వంగితే 400. కాబట్టి నంబర్ తగ్గేకొద్దీ బాణం బిరుసు. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి అనుకుంటారు, జాగ్రత్త.

బిరుసుగా ఉంటే మంచిదే కదా అనుకోకు. వేళ్లతో తాడు వదిలినప్పుడు తాడు వేళ్ల మీద నుంచి కాస్త పక్కకి జారుతుంది. ఆ తోపుకి బాణం మధ్యలో వంగి, విల్లు పిడి పక్కనుంచి చుట్టుకుని పోయినట్టు వెళ్లి, అవతల మళ్లీ ఇటూ అటూ ఊగి తిన్నబడుతుంది. స్లో మోషన్ వీడియో చూస్తే పాము ఈదుతున్నట్టే కనిపిస్తుంది. మరీ బిరుసైతే పిడికి కొట్టుకుని ఎడమకి పోతుంది, మరీ మెత్తనైతే ఎక్కువ వంగి కుడికి పోతుంది. ఇది కుడిచేత్తో తాడు లాగేవాడి లెక్క, ఎడమచేతివాటం అయితే తిరగేసుకో.

ఇప్పుడు నీ కొలత. గోడకి వీపు ఆనించి నిలబడి రెండు చేతులూ బార చాపు. బలవంతంగా సాగదీయకు. ఒక చేతి నడిమి వేలి కొస నుంచి రెండో చేతి నడిమి వేలి కొస దాకా ఇంకొకరి చేత టేపు పెట్టించు. వచ్చిన అంగుళాల్ని రెండున్నరతో భాగిస్తే సుమారుగా నీ డ్రా లెంగ్త్, అంటే నువ్వు తాడు లాగే పొడుగు. బార 68 అంగుళాలు వస్తే 27 పైన కొద్దిగా. విల్లు మీద రాసిన 45 పౌన్లు 28 అంగుళాల దగ్గర కొలిచినవి. అంగుళం తగ్గితే ఇలాంటి రికర్వ్‌లో రెండు, రెండున్నర పౌన్లు తగ్గుతాయి. అంటే 27 అంగుళాలు లాగేవాడి చేతిలో అది 42, 43 పౌన్ల విల్లే. బాణం దుకాణాల చార్ట్ చూసేటప్పుడు ఈ అంకె వాడాలి, విల్లు మీద అచ్చు వేసింది కాదు.

ఇక్కడ ఒక చేదు మాట. ఎప్పుడూ విల్లు పట్టనివాడికి 45 పౌన్లు ఎక్కువ. రోజంతా కొబ్బరికాయ దింపు తీసే చేతులు నీవైనా సరే, ఈ పనికి వాడే వీపు కండలు వేరు. బరువైన విల్లుతో మొదలుపెడితే పూర్తిగా లాగకుండానే వదిలేయడం అలవాటవుతుంది, ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి పోదు. సేజ్‌లో ఉన్న సుఖం ఏమిటంటే దాని చేతులు, అంటే లింబ్స్, రెండు బోల్టులు విప్పితే ఊడి వస్తాయి, 25 నుంచి 60 పౌన్ల దాకా ఐదేసి పౌన్ల తేడాతో దొరుకుతాయి. 30 పౌన్ల లింబ్స్ ఒక జత తెప్పించుకో. మొదటి మూడు నాలుగు నెలలు వాటితోనే. తరవాత 45కి వెళ్లు. ఖర్చు దండగ అనిపిస్తుంది, కానీ ఈ మొత్తం వ్యవహారంలో నీ గురి బాగుపడేందుకు పెట్టే డబ్బు ఇదొక్కటే.

దీనివల్ల బాణాలు కూడా రెండు విడతలుగా కొనాలి. 30 పౌన్లకి 700 లేదా 800 స్పైన్ కార్బన్ బాణాలు ఆరు చాలు, చవకవే తీసుకో, ఎలాగూ సగం బురదలో పోతాయి. 43 పౌన్లకి వచ్చాక 500 లేదా 600. నీ కొలత 27 అంగుళాలే అయితే, 29 అంగుళాల బాణానికి 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) మొన పెడితే 600 కుదరొచ్చు. 150, 175 గ్రెయిన్ల బరువు మొన పెడదామనుకుంటే 500 తీసుకో, ఎందుకంటే మొన బరువు పెరిగితే బాణం మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది, పొడుగు పెరిగినా అంతే. పొడుగు తగ్గిస్తే బిరుసెక్కుతుంది. అందుకే షాఫ్ట్‌ని కొనగానే కోయించొద్దు. పూర్తి పొడుగుతో మొదలుపెట్టి, అవసరమైతే పావు అంగుళం చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. కోసేశాక పెంచడం కుదరదు. ఎంత కోసినా, పూర్తిగా లాగినప్పుడు బ్రాడ్‌హెడ్ రెక్కలు విల్లు ముందు భాగానికీ నీ పిడికిలికీ బయట అంగుళమైనా ఉండాలి. లేకపోతే నీ చూపుడు వేలే మొదటి వేట.

చార్ట్ చెప్పేది మొదలు మాత్రమే. తుది తీర్పు ఈకల్లేని బాణానిది. ఒకే రకం బాణాల్లో రెండింటికి ఈకలు పీకేసి, మిగతావాటితో కలిపి పది, పన్నెండు గజాల నుంచి వెయ్యి. ఈకలున్నవి ఒకచోట గుచ్చుకుని, లేనివి వాటికి ఎడమగా పడితే షాఫ్ట్ బిరుసు: మొన బరువు పెంచు. కుడిగా పడితే మెత్తన: మొన తేలిక చెయ్యి, లేదా కొద్దిగా కోయించు. కిందకి పడితే తాడు మీద నాక్, అంటే బాణం వెనక ఉండే గాడి, కుదిరే చోటు ఎత్తుగా ఉన్నట్టు, పైకి పడితే కిందకి ఉన్నట్టు. ముందు ఈ ఎత్తు సరిచేసుకుని ఆ తరవాత ఎడమ కుడి చూడు. కానీ వదలడం ఒక తీరుగా కుదిరేదాకా ఈ పరీక్ష పెట్టుకోకు. వేళ్లు ఒక్కోసారి ఒక్కోలా వదులుతుంటే బాణం ఏం చెప్పినా అబద్ధమే.

కార్బనా, అల్యూమినియమా, కర్రా? మన తడిగాలిలో కర్ర బాణం వద్దు. వానాకాలం గోడకి ఆనించి పెడితే పొద్దున్నకి వంపు తిరుగుతుంది. అల్యూమినియం తిన్నగా, బరువుగా, బాగానే ఉంటుంది, వేటకి నాకు ఇష్టమే కూడా, కానీ కొత్తవాడి చేతిలో కొబ్బరి మొద్దుకి ఒక్కసారి పక్కగా తగిలితే వంగిపోతుంది. కార్బన్ వంగదు. అయితే ఉంటుంది, లేదా విరుగుతుంది. దాని ప్రమాదం కూడా అదే. పైకి కనిపించని పగులు ఉన్న కార్బన్ బాణం తాడు వదిలిన క్షణంలో చీలి, ఈటెల్లాంటి పేళ్లు ముంజేతిలో దిగుతాయి. కాబట్టి ప్రతిసారీ ప్రాక్టీస్ ముందు, దేనికైనా గట్టిగా తగిలిన ప్రతిసారీ, బాణం రెండు కొసలూ పట్టుకుని ముఖానికి దూరంగా కొద్దిగా వంచు, తిప్పుతూ నాలుగు వైపులా వంచు. చిటపటమన్నా, గోరుతో నిమిరితే ఎక్కడైనా పట్టుకున్నా, దాన్ని అక్కడికక్కడే విరిచి పారెయ్. పాపం కదా అని పక్కన పెట్టుకుంటే మర్నాడు ఎవరో ఒకరు తీసి ఎక్కుపెడతారు.

ఇంకో సంగతి. విజయవాడ అకాడమీల నుంచి పాత బాణాలు చవగ్గా దొరుకుతున్నాయని ఎవరైనా అంటే మోజుపడకు. జ్యోతి సురేఖ, ధీరజ్ లాంటివాళ్లు పెద్ద పోటీల్లో వేసేది కాంపౌండ్‌లో, అంటే కప్పీలున్న విల్లుతో, 50 మీటర్లు, రికర్వ్‌లో 70 మీటర్లు. దానికి వాడేవి సన్నటి, తేలికైన షాఫ్ట్‌లు, మొనని లోపల జిగురుతో అతికిస్తారు. మనకి కావలసింది కొసలో మర బిగించే ఇన్సర్ట్ (లోపల అమర్చిన చిన్న లోహపు గొట్టం) ఉన్న షాఫ్ట్, అప్పుడే ఫీల్డ్ పాయింట్ విప్పి అదే చోట బ్రాడ్‌హెడ్ బిగించగలవు. అమెరికాలో ఆ మర దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే, 8-32 అంటారు. కొనేటప్పుడు అడిగి తీసుకో. మరకి కాస్త తేనెమైనం రాస్తే వేస్తుండగా వదులవదు, మన ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోదు కూడా.

బరువు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అమెరికా దుకాణాల్లో బాణం బరువంతా గ్రెయిన్లలో ఉంటుంది. ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. 125 గ్రెయిన్ల మొన 8.1 గ్రాములు, అంటే మన కాసు బంగారం బరువు. నీ దగ్గర గ్రెయిన్ల తూకం లేదని బెంగపడకు, ఊళ్లో కంసాలి దగ్గర డిజిటల్ త్రాసు మీద పెట్టించు. అది చూపే రెండో దశాంశం దాకా మనకి సరిపోతుంది. డజను బాణాలు కొన్నావంటే అన్నిటినీ తూచి, మరీ తేడా ఉన్నవాటిని ప్రాక్టీస్‌కి వదిలేసి, దగ్గర బరువులున్న ఆరింటిని వేటకి దాచుకో.

విల్లు ఒక్కో పౌనుకి బాణం ఎన్ని గ్రెయిన్లు అన్నది అసలు లెక్క. రికర్వ్‌కి 8 కంటే దిగొద్దు, వేటకి 10 దగ్గర ఉండాలి. మరీ తేలిక బాణం వేస్తే విల్లు శక్తి బాణంలోకి వెళ్లక తిరిగి లింబ్స్‌నే కుదిపేస్తుంది. ఉత్తి తాడు లాగి వదలడం ఇంకా ఘోరం, విల్లు పగిలిపోవచ్చు. మీ ఇంటికొచ్చిన పిల్లలకి ఆ మాట ముందే చెప్పు, విల్లు కనిపిస్తే వాళ్లు మొదట చేసేది అదే. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. అంగుళానికి 8 గ్రెయిన్లున్న షాఫ్ట్ ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలకి 236, ఇన్సర్ట్ 16, ఈకలు 10, నాక్ 9, మొన 150. మొత్తం 421 గ్రెయిన్లు, 43 పౌన్లకి దాదాపు 9.8. బాగుంది. మొన 175 చేస్తే 446. ఇంకా బాగుంది, ముందు వైపు బరువు ఎక్కువైతే బాణం స్థిరంగా పోతుంది. స్పైన్ మాత్రం మళ్లీ చూసుకోవాలి.

ఈకలు మాత్రం నిజం ఈకలే తీసుకో, ప్లాస్టిక్ వేన్స్ వద్దు. సేజ్ మీద బాణం పిడి అంచు మీదే ఆనించి వేస్తారు చాలామంది. ప్లాస్టిక్ ఆ అంచుకి తగిలి ఎగిరిపడుతుంది, ఈకయితే ఒదిగి వెళ్లిపోతుంది. నాలుగైదు అంగుళాల ఈకలు మూడు చాలు. వానలో తడిసి అతుక్కుపోతాయి, అంతే బాధ. మే నెల ఎండలో కారు డిక్కీలో మాత్రం వదలొద్దు, ఈకలకీ ఇన్సర్ట్‌కీ పెట్టిన జిగురు కరుగుతుంది.

ఇప్పుడు బ్రాడ్‌హెడ్. నీ విల్లుకి నా సలహా ఒకటే మాట: కదలని రెండు రెక్కలది, కొస దగ్గర నుంచే పదునున్నది, 125 నుంచి 175 గ్రెయిన్ల మధ్య, అంగుళం పైన కొద్దిగా వెడల్పు. మాగ్నస్ స్టింగర్‌లో రెండు రెక్కల రకం మర బిగించేది దొరుకుతుంది. జ్వికీ పాత కాలం నుంచి ఉన్న గట్టి సరుకు, కానీ అది ఎక్కువగా దొరికేది జిగురుతో అతికించే రకం, దానికి మర అడాప్టర్ విడిగా కొనాలి. ఏది తీసుకున్నా మూడో నాలుగో ఒకే రకం తీసుకో, తలా ఒకటి కొని ప్రయోగాలు చేయకు.

మెకానికల్ ఎందుకు వద్దంటే, దాని రెక్కలు ముడుచుకుని ఎగిరి, జంతువుని తాకినప్పుడు తెరుచుకుంటాయి. ఆ తెరుచుకోవడానికి శక్తి కావాలి. ఆ శక్తి బాణానిదే. ఒక కాంపౌండ్ విల్లు 400 గ్రెయిన్ల బాణాన్ని సెకనుకి 270 అడుగుల వేగంతో వదిలితే దగ్గర దగ్గర 65 అడుగు-పౌన్ల శక్తి వస్తుంది, అందులో కొంత రెక్కలకి పోయినా ఫరవాలేదు. నీ రికర్వ్ 450 గ్రెయిన్లని 158 అడుగుల వేగంతో పంపితే వచ్చేది 25. అందులో ఒక్కటీ వృథా చేసే స్థితిలో లేవు. మూడు రెక్కల ఉలి కొస రకాలు కూడా అంతే, ముందు తోలుని గుద్ది చీల్చాలి, తరవాత కోయాలి. రెండు రెక్కలది తాకగానే కోత మొదలుపెడుతుంది. వీడియోల్లో రేజ్ లాంటి మెకానికల్ పెట్టి ఇంత పెద్ద గాయం చూపిస్తారు. వాళ్ల చేతిలో ఉన్న విల్లు ఏదో కూడా చూడు.

ఆ 25 అన్న అంకె మీద ఇంకాసేపు ఆగాలి. ఈస్టన్ కంపెనీ పట్టికలో జింకకి 25 నుంచి 41 అడుగు-పౌన్లు, అడవిపంది, ఎల్క్ అనే పెద్ద దుప్పి వంటి వాటికి 42 నుంచి 65 అని ఉంటుంది. ఆ లెక్కన మామూలు రికర్వ్‌తో పంది వేటే చేయకూడదు. అనుభవమున్న రికర్వ్ వేటగాళ్లు దాన్ని యథాతథంగా ఒప్పుకోరు, బరువు బాణం, పదునైన సన్న మొన ఉంటే తక్కువ శక్తితోనూ లోతుగా దిగుతుందంటారు. అది నిజమే. కానీ ముదిరిన మగపందికి భుజాల మీద మందంగా గట్టిపడిన చర్మపు పలక ఉంటుంది, డాలులాగే పనిచేస్తుంది. 43 పౌన్లతో, మొదటిసారి వెళ్లినవాడు, దాని జోలికి పోకూడదు. చిన్న, మధ్యరకం పందులు, పదిహేను గజాల లోపు, అడ్డంగా నిలబడినప్పుడో మనకి కాస్త వీపు తిప్పి ఏటవాలుగా ఉన్నప్పుడో మాత్రమే. పందికి గుండె, ఊపిరితిత్తులు జింకతో పోలిస్తే కిందకి, ముందుకి ఉంటాయి. జింక బొమ్మ మీద నేర్చుకున్న గురితో వేస్తే పొట్టలో తగులుతుంది, ఆ జంతువు గంటల తరబడి బాధపడి ఎక్కడో పొదలో చస్తుంది. కాబట్టి బావని అడిగి పంది శరీరం లోపలి బొమ్మ ముందే చూడు. పెద్ద మగపంది వస్తే బావ కాంపౌండ్‌తో వేస్తాడు, నువ్వు చూడు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

జింక వేట మాట వస్తే నియమాలు వేరు. లైసెన్స్ కావాలి, విల్లుకి మాత్రమే కేటాయించిన సీజన్‌లో అయితే దాని మీద ఆర్చరీ అనుమతి కూడా కావాలి, బ్రాడ్‌హెడ్ వెడల్పు ఒక అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకి తగ్గకూడదు, కనీసం రెండు పదును అంచులు ఉండాలి. పందికి కూడా అదే కొలత పాటించు, గొడవ ఉండదు. వెళ్లే ముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల ఆ ఏటి నిబంధనలు చదువుకో.

పదును గురించి: ప్యాకెట్లో నుంచి తీసిన మొన పదునుగా ఉందని నమ్మకు. రబ్బరు బ్యాండు రెండు మేకుల మధ్య కొద్దిగా లాగి కట్టి, అంచుని ఒత్తకుండా దాని మీద పెట్టు. ముట్టుకోగానే తెగాలి. ఒత్తితేగానీ తెగకపోతే రక్తనాళాన్ని కూడా కోయకుండా పక్కకి తోసేసి పోతుంది. బాణం చంపేది దెబ్బతో కాదు, రక్తం పోవడంతో, అందుకే పదును ఇంత ముఖ్యం. బిగించేటప్పుడు వేళ్లతో తిప్పకు, రెంచి వాడు. బిగించాక మొనని బల్ల మీద నిలబెట్టి బాణాన్ని బొంగరంలా తిప్పు. మొన దగ్గర వణుకు కనిపిస్తే ఇన్సర్ట్ వంకర, ఆ బాణం వేటకి పనికిరాదు. అమ్ములపొదిలో రెక్కలు కప్పే మూత ఉండాలి. చీకట్లో మంచె ఎక్కుతూ తన మొన తన తొడలోనే దింపుకున్నవాళ్లు ఉంటారు.

ప్రాక్టీస్ చోటు. మన వైపు ఉన్న పెద్ద చిక్కు, ఖాళీగా కనిపించే ప్రతి గట్టూ ఎవరిదో దారే. దాళ్వా కోత అయ్యాక పొలాలు ఖాళీ కదా అని గట్టు వైపు వేశావంటే, గట్టవతల నుంచి సైకిల్ మీద ఎవరు తేలతారో తెలియదు. నా సలహా, ఎండగట్టిన రొయ్యల చెరువు దొరికితే అదే వాడు. నువ్వు గట్టు మీద నిలబడు, టార్గెట్ చెరువు అడుగున పెట్టు. పక్కకి పోయిన బాణం ఏదైనా మట్టిలోకే దిగుతుంది. పైగా టెక్సాస్‌లో మీ బావ నిన్ను ఎక్కించేది మంచె మీదే కావచ్చు, పైనుంచి కిందకి వేయడం ఇక్కడే అలవాటవుతుంది. కిందకి వేసేటప్పుడు చేతులు దించకు, నడుము దగ్గర వంగు. చేతులు దించితే డ్రా తగ్గిపోయి బాణం ఎటో పోతుంది. చెరువులో ఎవరూ లేరని చూడటానికి రెండో గట్టు మీద ఒక మనిషిని నిలబెట్టుకో.

టార్గెట్‌కి రొయ్యల మేత సంచుల్లో పాత బట్టలు గట్టిగా కుక్కి కుట్టేయడం చవకైన పద్ధతి. యంత్రం కట్టిన వరిగడ్డి బేళ్లు ఇంకా మంచివి, రెండు వరసలు పేర్చి తాళ్లతో బిగించు. ఇసక బస్తా వద్దు, మొన అరిగిపోతుంది, షాఫ్ట్ మీద గీతలు పడతాయి. బాణం లాగేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు, నాక్ కంట్లో పొడుచుకునే ప్రమాదం అప్పుడే. ఇక్కడంతా నువ్వు వాడే ఫీల్డ్ పాయింట్ రేపు కొనబోయే బ్రాడ్‌హెడ్ బరువే ఉండాలి. డాలస్ వెళ్లాక వేట ముందు కనీసం వారం రోజులు ఫోమ్ టార్గెట్ మీద అసలు బ్రాడ్‌హెడ్‌లతో వేసి చూసుకో. వేసినవాటికి మళ్లీ పదును పెట్టు, లేదా వేటకని రెండు విడిగా దాచు.

విమానంలో విల్లూ బాణాలూ చేతి సంచిలో రానివ్వరు, చెక్ ఇన్ బ్యాగులో గట్టి పెట్టెలో పెట్టాలి. నా మాట వింటే విల్లు మాత్రం తీసుకెళ్లు, నీ బాణాల్లో బాగా ఎగిరే రెండు నమూనాకి పెట్టుకో. మిగతావి అదే స్పైన్, అదే పొడుగు చెప్పి అక్కడ కొనుక్కో.

ముందు బార కొలత తీసుకుని చెప్పు. ఎడమచేతివాటమో కుడిచేతివాటమో కూడా రాయి. 600 తీసుకోవాలో 500 తీసుకోవాలో అది చూశాక తేలుద్దాం, అప్పటిదాకా 30 పౌన్ల లింబ్స్ ఆర్డర్ పెట్టేయ్.